తుప్పు పట్టిన కారు ఫ్లోరుకు తక్కువ ఖర్చులో ఏ మరమ్మతు ఎంచుకోవాలి?

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి, విజయవాడలోని సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయినప్పుడు ఇళ్ల ముందు నిలిపిన కార్లు కూడా మునిగాయి. వాటిలో చాలావాటికి ఇంజిన్ ఆయిల్ మార్చి, సీట్లు ఎండబెట్టి, స్టార్టయితే చాలుననుకుని మళ్లీ రోడ్డెక్కించారు. మా పాత చిన్న కారుకు మేమూ అదే చేశాం. కార్పెట్ అడుగున ఉండే దళసరి స్పాంజి పొరను ఎత్తి చూడాలన్న ఆలోచన మాకు రాలేదు. మరుసటి వర్షాకాలంలో, డ్రైవరు మడమ ఆనే చోట అడుగు కొంచెం మెత్తగా దిగుతున్నట్టు అనిపించి కార్పెట్ ఎత్తితే ఆ స్పాంజి ఇంకా చెమ్మగానే ఉంది. గుప్పిట్లో పట్టి పిండితే ఒండ్రు రంగు నీళ్లు కారాయి. దాని కింద రేకు పొరలు పొరలుగా లేచి ఉంది. స్క్రూడ్రైవరు మొనతో నొక్కగానే అప్పడంలా విరిగి, ఆ కంతలోంచి మా వాకిలి సిమెంటు నేల కనిపించింది.

ఆ తరువాత రెండుసార్లు మరమ్మతు చేయించాం. మొదటిది ఒక్క వర్షాకాలం కూడా నిలవలేదు, రెండవది నిలిచింది. వరద చూసిన బండికే కాదు, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో తిరిగే బండికి కూడా ఇదే సమస్య వస్తుంది కనుక, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు ఏ పద్ధతిని ఎప్పుడు ఎంచుకోవాలో, ఏ పద్ధతికి దూరంగా ఉండాలో వివరంగా వ్రాస్తున్నాను. ధరలు ఊరికొక తీరుగా ఉంటాయి. అందుచేత ఖర్చును రూపాయల్లో కాక, టింకరింగ్ మేస్త్రీకి పట్టే రోజుల్లో చెబుతాను. మీ ఊరి రోజు కూలితో హెచ్చవేసుకుంటే మీ లెక్క మీకు తెలుస్తుంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది తుప్పు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నది. లారీకి ఉన్నట్టు చిన్న కార్లకు విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు రేకు, రెండు పక్కల తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డులు, వాటిని అడ్డంగా కలిపే పెట్టెల్లాంటి బద్దెలు, ఇవన్నీ కలిసే బండికి ఎముకల గూడు. కాళ్లు పెట్టుకునే చోట అరచేయంత కంత పడితే అది అసౌకర్యం మాత్రమే. సీటు పట్టాలను బిగించిన చోట, సీటు బెల్టు బోల్టు ఉన్న చోట, జాకీ పెట్టే అంచున, వెనక సస్పెన్షన్ తగిలించిన చోట అణా బిళ్లంత కంత పడినా అది ప్రాణానికి సంబంధించిన విషయం. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో సీటు బెల్టు, సస్పెన్షన్ వంటివి బిగించే చోటుకు 30 సెంటీమీటర్ల లోపల బలం పోయేంత తుప్పు ఉంటే బండిని నిలిపివేస్తారు. అక్కడ రివెట్లు కొట్టిన మరమ్మతునుగానీ, ఫైబర్ అతికించిన మరమ్మతునుగానీ ఒప్పుకోరు. మన దగ్గర అంత కచ్చితమైన కొలత ఎవరూ అడగకపోయినా, ఆ అడుగు దూరాన్ని మనం అరువు తెచ్చుకోవచ్చు. బరువు మోసే బోల్టుకు అడుగు లోపల ఉన్న కంతకు వెల్డింగు తప్ప మరో మందు లేదన్నది ఈ వ్యాసమంతటికీ నేను పెట్టుకున్న హద్దు.

ఎంతవరకు పాడయిందో తెలుసుకోవడానికి సీట్లు, కార్పెట్, స్పాంజి పూర్తిగా తీసివేయాలి. ఇది మీరే చేసుకోగల పని. నాలుగు సీటు బోల్టులు, గుమ్మాల ప్లాస్టిక్ పట్టీలు విప్పితే కార్పెట్ బయటికి వస్తుంది. సీటు కింద ఎయిర్‌బ్యాగు వైర్లు ఉండే కార్లలో మాత్రం బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందే విప్పి, పది నిమిషాలు ఆగి, అప్పుడు సీటు మీద చేయి వేయాలి. మా ఫ్లోరును చూసిన ఆటోనగర్ మేస్త్రీ కళ్లతో చూసి ఏమీ చెప్పలేదు. చిన్న సుత్తి తీసుకుని రేకు మీద అంగుళం అంగుళానికీ మెల్లగా తడుతూ వెళ్లాడు. మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్న రేకు అట్టపెట్టె మీద కొట్టినట్టు బొదబొదమంటుంది. ఆ శబ్దం మారిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసుకుంటూ పోయాడు. పైకి అరచేయంత కనిపించిన కంత చుట్టూ ఆ గీత చివరికి భోజనం పళ్లెమంత అయింది. తుప్పు, తాను తినే ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక లోపల బోలుగా ఉన్నా పైకి ఉబ్బి గట్టిగానే కనిపిస్తుంది. చూపును నమ్మకుండా సుత్తిని నమ్మాలనడానికి కారణం అదే.

ఇక పద్ధతుల విషయానికి వద్దాం. రేకు గట్టిగా ఉండి, పైన ఎర్రటి పొడి మాత్రమే లేచి ఉంటే కోతలూ వెల్డింగులూ అక్కర లేదు. గ్రైండరుకు వైరు కప్పు బ్రష్ తగిలించి మెరిసే లోహం కనిపించేదాకా రుద్దాలి. గుంటల్లో మిగిలిన నల్లటి తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ పూసి, అది ఎండిన తరువాత ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు వేసి, పైన పెయింటు వేస్తే సరిపోతుంది. కన్వర్టర్‌లో ఉండే టానిక్ ఆమ్లం లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం, ఇనుముకు గట్టిగా అంటుకుని ఉన్న పలుచని తుప్పును కదలని నల్లటి పొరగా మారుస్తుంది. ఊడిపోయే పెచ్చుల మీద పోస్తే పెచ్చుల పైభాగం మాత్రమే నల్లబడి, లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. హార్డ్‌వేర్ కొట్టులో చవకగా దొరికే రెడ్ ఆక్సైడ్ ఒక్కటే పూసి వదిలేసేవారు చాలామంది ఉన్నారు. అది పై పెయింటుకు ఆధారమే తప్ప, నీటిని ఆపే పొర కాదు. ఈ పని మేస్త్రీ అవసరం లేకుండా ఒక ఆదివారం మీరే చేసుకోవచ్చు, కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు మాత్రం మరువకండి. వైరు బ్రష్ నుంచి తెగిన తీగ ముక్క సూదిలా ఎగిరి వస్తుంది.

కంత పడిన తరువాత అన్నిటికన్నా చవకగా కనిపించేది ఫైబర్ అతికించడం. మేము మొదట చేయించిన తప్పు కూడా అదే. మన తీరంలో చేపల పడవలు ఫైబర్‌తోనే చేస్తారు కనుక ఫైబర్ మ్యాట్, రెసిన్, వాటితో పని చేయగల మనుషులు తేలికగా దొరుకుతారు. మేస్త్రీకి సగం రోజు పని. నిప్పు లేదు, శబ్దం లేదు, సాయంత్రానికి ఫ్లోరు నున్నగా రాయిలా తయారవుతుంది. పడవ మొత్తం ఫైబరే కనుక అక్కడ అది బాగా నిలుస్తుంది. కారులో మాత్రం అది ఇనుపరేకు అంచును పట్టుకుని వేలాడవలసి ఉంటుంది. మామూలు పాలియెస్టర్ రెసిన్ ఇనుముకు ఎక్కువ కాలం పట్టి ఉండదు. బండి గుంతలో పడినప్పుడల్లా రేకు కొద్దిగా వంగుతుంది, ఫైబరు అంత వంగదు, అంచు దగ్గర వెంట్రుకంత సందు ఏర్పడి నీరు అందులో చేరుతుంది. మా కారులో సరిగ్గా అదే జరిగింది. ఆరు నెలల తరువాత ఆ ముక్క అంచున గోరు పెట్టి లాగితే పళ్లెం మూతలా మొత్తంగా లేచి వచ్చింది. దాని వెనుక అంటుకుని రెండు వేళ్ల వెడల్పు తుప్పు పెచ్చులు కూడా వచ్చాయి. అంటే మరమ్మతు చేసిన కంత కన్నా పెద్ద కంత మిగిలింది.

అయినా ఫైబర్ పూర్తిగా పనికిరానిదని నేననను. బరువు మోయని చోట, కంత అరచేతి కన్నా చిన్నదైనప్పుడు, బండిని ఇంకో ఏడాదిలో వదిలేయాలని మీరు ముందే అనుకున్నప్పుడు అది సరైన ఎంపికే. అలా చేసేటప్పుడు పాలియెస్టర్‌కు బదులు ఎపాక్సీ రెసిన్ వాడండి. ధర ఎక్కువైనా ఇనుమును గట్టిగా పడుతుంది. కంత చుట్టూ రెండంగుళాల మేర లోహం తెల్లగా మెరిసేదాకా గరుకుగా రుద్దండి, వీలైతే పైనా కిందా రెండు వైపులా వేయండి. ఒకవేళ పాలియెస్టరే వాడితే ఒక హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. దుకాణంలో రెసిన్‌తో పాటు రెండు చిన్న సీసాలు ఇస్తారు, ఒకటి ఊదారంగు కోబాల్ట్ యాక్సిలరేటర్, మరొకటి నీళ్లలా ఉండే హార్డెనర్. ఈ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, కలిపితే భగ్గుమని అంటుకోవచ్చు, పేలవచ్చు కూడా. యాక్సిలరేటరును ముందు రెసిన్‌లో బాగా కలిపి, ఆ తరువాతే హార్డెనరు వేయాలి. సీసాలను కూడా వేరువేరు చోట్ల పెట్టాలి.

రేకు ముక్క పెట్టి పాప్ రివెట్లు కొట్టించుకోవడం రెండవ చవక మార్గం. ఇదీ సగం రోజు పనే. ఫైబర్ కన్నా బలంగా నిలుస్తుంది, వెల్డింగు మంట సోకకూడని చోట, ఉదాహరణకు పెట్రోలు పైపులు ఆనుకుని పోయే చోట, పనికివస్తుంది. రెండు రేకుల మధ్య సీలెంట్ దట్టంగా పూసి, అంగుళానికొక రివెట్టు చొప్పున కొట్టకపోతే నీరు ఆగదు. అల్యూమినియం రివెట్లు వాడితే, ఇనుమును తాకుతూ ఉండే ఆ రివెట్లే ఉప్పుగాలిలో తొందరగా తినుకుపోయి వదులవుతాయి. స్టీలు రివెట్లే అడిగి తీసుకోండి.

ఇప్పుడు వెల్డింగు సంగతి. విదేశాల వీడియోలు చూసినవారికి, వెల్డింగు ఖరీదైన పని, పేదవాడికి ఫైబర్ కిట్ శరణ్యం అన్న అభిప్రాయం కలుగుతుంది. అమెరికాలోనో బ్రిటన్‌లోనో గంట కూలి ఎంతో ఎక్కువ కనుక అక్కడివారు సొంతంగా కిట్ కొని అతికించుకోవడంలో అర్థం ఉంది. మన ఊళ్లలో లెక్క తలకిందులు. దిగుమతి డబ్బాలు ఖరీదు, చేతిపని అందుబాటులో ఉంటుంది. రెండడుగుల చదరం 20 గేజీ రేకు, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం ఉన్నది, మూడు కిలోలు కూడా తూగదు. కిలో వంద రూపాయల లెక్కన చూసుకున్నా మూడు వందలు దాటదు. మిగిలినదంతా మేస్త్రీ చేతి కష్టమే. ఒక పక్క ఫ్లోరుకు సీట్లు విప్పడం, కోయడం, ముక్క వంచి అమర్చడం, వెల్డింగు, ప్రైమరు, సీలెంటు అన్నీ కలిపి రెండు రోజులు పడుతుంది. ఫైబర్ కన్నా నాలుగు రెట్లు కూలి. అయితే ఫైబర్ మీద పెట్టిన సగం రోజు కూలి, ఆ తరువాత పెరిగిన కంతకు పట్టిన అదనపు రేకు, అదనపు శ్రమ కలుపుకుంటే మేము మొదటే వెల్డింగు చేయించి ఉంటే తక్కువలో తేలేది. బండిని ఇంకా మూడు నాలుగేళ్లు నడపదలచిన ఎవరికైనా నా సలహా ఇదే.

వెల్డింగు అన్న మాటలోనే మూడు వేరువేరు పనులు ఉన్నాయి కనుక ఏది చేస్తారో ముందే అడగాలి. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే దుకాణంలో రాడ్డుతో చేసే ఆర్క్ వెల్డింగు దళసరి ఇనుముకు తగినది. మిల్లీమీటరు కన్నా పలుచని కారు రేకు మీద పెడితే అతకడం కన్నా ముందు చిల్లు పడుతుంది. పాత టింకరింగ్ షాపుల్లో చేసే గ్యాస్ వెల్డింగు మంచి చేతివాటం ఉన్నవారి దగ్గర బాగానే వస్తుంది. కాని మంట విస్తారంగా తగిలి రేకు అలలు తేలుతుంది, చుట్టూ ఉన్న పెయింటు, అడుగున ఉన్న తారు పూత కూడా కాలిపోతాయి, ఆ కాలిన చోట కొత్త తుప్పు మొదలవుతుంది. సీఓటూ వెల్డింగు అని మేస్త్రీలు పిలిచే పద్ధతే ఈ పనికి అన్నిటికన్నా తగినది. తీగ దానంతట అది వస్తూ, వాయువు కాపలాలో చిన్న చిన్న చుక్కలుగా అతుకుతుంది, వేడి తక్కువ. ముందు నాలుగు మూలల్లో చుక్కలు పెట్టి, తరువాత ఒక్కో వైపున అంగుళం చొప్పున మార్చి మార్చి కుట్టినట్టు కలుపుకుంటూ పోవాలి. ఒకే బిగిన గీత లాగే మేస్త్రీ దగ్గర రేకు వంకర పోతుంది.

రేకు ఎంపికలో కూడా ఒక చిక్కు ఉంది. జింకు పూత ఉన్న జీఐ రేకు తొందరగా తుప్పు పట్టదు కనుక అదే వేయమని మనం అడుగుతాం. కాని వెల్డింగు వేడికి ఆ రేకు మీది జింకు కాలి తెల్లటి పొగ వస్తుంది, దాన్ని పీల్చినవారికి ఆ సాయంత్రమే చలిజ్వరం వచ్చినట్టు వణుకు పుడుతుంది. అతుకు పడే అంచుల్లో జింకును గ్రైండరుతో తీసేసి, గాలి ఆడే చోట చేస్తే జీఐ వాడవచ్చు. లేదా జింకు పూత లేని సీఆర్ రేకు వేయించి రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్ పూయించవచ్చు. మేము రెండవది చేశాం. మందం విషయంలో, గేజీ అంకె తగ్గేకొద్దీ రేకు దళసరి అవుతుంది కదా అని, 18 గేజీ వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందన్న ఆశ వద్దు. పాత రేకు పలుచన, కొత్త రేకు దళసరి అయితే వేడి సమంగా పట్టక పాత అంచు కాలిపోతుంది. 20 గానీ 22 గానీ చాలు. సుద్ద గీతకు అంగుళం బయట, మంచి రేకులోకి వెళ్లి కోయమని చెప్పండి. పాత తుప్పు రేకును కోయకుండా దాని మీదే కొత్త ముక్క మూతలా వేసే షాపులు ఉన్నాయి. అలా చేస్తే రెండు రేకుల మధ్య తుప్పును దాచిపెట్టినట్టే అవుతుంది, ఆ బేరం ఎంత తక్కువకు వచ్చినా ఒప్పుకోకండి.

నిప్పు విషయంలో మాత్రం మేస్త్రీ అనుభవం మీద భారం వేసి ఊరుకోకూడదు. చాలా కార్లలో పెట్రోలు పైపులు, బ్రేకు పైపులు ఫ్లోరు అడుగునే పోతాయి, ఫ్లోరు పైన వైర్ల కట్ట ఉంటుంది. బ్యాటరీ విప్పించి, పైపులను పక్కకు జరిపించి లేదా తీయించి, బకెట్టు నీళ్లు, ఇసుక, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టించి, ఒక మనిషి రెండవ వైపు నుంచి చూస్తూ ఉండేటట్టు ఏర్పాటు చేయించండి. పని ముగిసిన అరగంట తరువాత కూడా లోపల నుసి రాజుకోవచ్చు. బండి కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నీ, ఇటుకల దొంతరనూ ఎప్పుడూ నమ్మకూడదు, ఇనుప స్టాండ్లు పెట్టాలి.

ఫ్లోరు మొత్తం మార్చడం ఆఖరి మెట్టు. రెండు పక్కలా ఫ్లోరు పోయి, బద్దెలు మాత్రం గట్టిగా ఉంటే, పాత బండి నుంచి కోసిన మంచి ఫ్లోరు ముక్కను తెచ్చి అమర్చడం ముక్కలు ముక్కలుగా అతకడం కన్నా మేలు. బాగా అమ్ముడైన పాత మోడళ్లకు అవి పాత సామాన్ల దుకాణాల్లో దొరికే అవకాశం ఉంది. ఇది నాలుగైదు రోజుల పని. రన్నింగ్ బోర్డులు, అడ్డ బద్దెలు, సస్పెన్షన్ పట్టు కూడా పోయి ఉంటే మరమ్మతు ఆలోచన మానుకోవడమే మంచిది. బండి వయసు కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తరువాత ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు ఆ రుసుమును కేంద్రం 5,000 రూపాయలకు పెంచింది. అందుచేత గడువు ఏడాదిలో ముగియనున్న బండి ఫ్లోరు మీద వారం కూలి పెట్టే ముందు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు అది నిలబడుతుందో లేదో ఆలోచించాలి. గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే వచ్చే ధ్రువపత్రంతో, కొత్త సొంత బండి పన్నులో 25 శాతం వరకు రాయితీకి కేంద్ర నియమాల్లో వీలుంది. మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కోండి. బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. సమగ్ర పాలసీ వరద నష్టానికి వర్తిస్తుంది గాని, కాలక్రమంలో పట్టిన తుప్పుకు వర్తించదు.

పై పూత గురించి కొంచెం చెప్పాలి. వెల్డింగు ముగిశాక ముందు ఎపాక్సీ ప్రైమరు, దాని మీద అతుకుల వెంట సీలెంటు, అది పూర్తిగా ఎండిన తరువాత కింది వైపున అండర్ కోటింగు, ఈ వరుస తప్పకూడదు. తుప్పు తీయకుండా తారు పూత కొట్టించుకోవడం, చెమ్మను లోపల పెట్టి మూత వేయడమే అవుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ కింద పూయడం మన ఊళ్లలో పాత అలవాటు. అది తుప్పును కొంతకాలం నెమ్మదింపజేసే మాట నిజమే, కాని రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది, రేపు వెల్డింగు అవసరమైతే మంట అంటుకుంటుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా, నీరు వచ్చే దారి మూయకపోతే పెట్టిన డబ్బు దండగ. మా కారుకు వరద నీటితో పాటు మరో కారణం కూడా ఉందని మేస్త్రీ చూపించాడు. వైపర్ల కింద జాలీలో వేపాకు పేరుకుని, వాన నీరు పక్కలకు పోవలసింది లోపలికి వస్తోంది. ఎడమ వైపు తడిగా ఉంటే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయిందేమో చూడాలి. ముందు అద్దం రబ్బరు, తలుపుల రబ్బర్లు, ఫ్లోరు కంతల్లో ఉండే రబ్బరు బిరడాలు కూడా చూడాలి. నీటికి బదులు తియ్యటి వాసన వచ్చే జిగురు చెమ్మ ఉంటే అది హీటరు నుంచి కారే కూలెంటు.

ఈ పని వేసవిలో, గాలిలో తేమ తక్కువ ఉన్న రోజుల్లో పెట్టుకుంటే ప్రైమరు బాగా పట్టుతుంది. పని ముగిసిన వెంటనే కార్పెట్ అతికించవద్దు. ఫ్లోరు నిండా పాత వార్తాపత్రికలు పరిచి, తలుపులు మూసి, ముందు అద్దం మీద, ఒక్కో తలుపు మీద పది నిమిషాల చొప్పున పైపుతో నీళ్లు కొట్టి, కాగితం ఎక్కడ నల్లబడిందో చూడండి. మాకు మొదటిసారి ఎడమ తలుపు మూలన అరచేయంత మరక కనిపించింది. రబ్బరు మార్పించి మళ్లీ నీళ్లు కొట్టాక కాగితాలన్నీ పొడిగా వచ్చాయి. కార్పెట్ ఆ మరునాడు వేశాం.